వైబ్రేషన్‌కి ఒకటి, బకలింగ్‌కి ఇంకొకటి: ఐగెన్ సాల్వర్ ఎంపికలో చూసుకోవాల్సినవి

ఒక కట్టడమో యంత్రమో ఏ ఫ్రీక్వెన్సీల దగ్గర ఊగుతుందో (వైబ్రేషన్), ఎంత లోడుకి ఉన్నట్టుండి వంగి ముడుచుకుంటుందో (బకలింగ్) లెక్కగట్టే ప్రోగ్రామే ఐగెన్ సాల్వర్. స్ట్రక్చరల్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రీక్వెన్సీ అనాలిసిస్ తెరవగానే సాల్వర్ అనే చోట నాలుగైదు పేర్లు కనబడతాయి. బ్లాక్ లాంచోస్, సబ్‌స్పేస్, పీసీజీ లాంచోస్, సూపర్‌నోడ్, ఏఎంఎస్. బ్రోచర్లు చూస్తే అన్నీ ఫాస్టే. కాకినాడలో ఎంటెక్ చేసే కుర్రాళ్ళ దగ్గర్నుంచి రాజమండ్రిలో స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసు నడిపేవాళ్ళ దాకా అడిగే మాట ఒకటే: "ఇంతకీ ఏది ఫాస్టండీ?"

ఎన్ని మోడ్లు (ఊగే లేదా ముడుచుకునే ఆకారాలు) కావాలి, మెష్ (వస్తువుని చిన్న ఎలిమెంట్లుగా కోసిన వల) ఎలాంటిది, మెషీన్‌లో ర్యామ్ ఎంత, లెక్క వైబ్రేషన్‌దా బకలింగ్‌దా? ఈ నాలుగూ చెప్తే గానీ దానికి జవాబు రాదు. అయినా తొందరలో ఉన్నవాళ్ళ కోసం నా మాట ముందే చెప్పేస్తాను. గోదావరి జిల్లాల్లో మన చేతికొచ్చే పనుల్లో చాలావాటికి బ్లాక్ లాంచోస్ సరిపోతుంది. కొత్త సాల్వర్ లైసెన్సు మీద పెట్టే డబ్బు ర్యామ్ మీద పెడితే ఎక్కువ టైమ్ మిగులుతుంది. ఈ మాట చెల్లని చోట్లు కొన్ని ఉన్నాయి, ముఖ్యంగా బకలింగ్‌లో. అందుకే దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

టైమ్ ఎక్కడ పోతుంది

వైబ్రేషన్‌లో మనకు కావాల్సినవి కింది ఫ్రీక్వెన్సీలు. మాట్రిక్స్‌తో వెక్టర్‌ని పదే పదే గుణించుకుంటూ పోతే ముందు బయటపడేవి మాత్రం పెద్ద ఐగెన్ విలువలు (ఫ్రీక్వెన్సీని తేల్చే సంఖ్యలు). అందుకని సాల్వర్ లెక్కని తిరగేస్తుంది. మనకు కావాల్సిన ప్రాంతంలో ఒక షిఫ్ట్ (గురి విలువ) పెట్టుకుని, స్టిఫ్‌నెస్ (గట్టిదనం) మాట్రిక్స్‌లోంచి షిఫ్ట్ రెట్లు మాస్ మాట్రిక్స్ తీసేసి, మిగిలినదాన్ని ఒకసారి ఫ్యాక్టరైజ్ చేస్తుంది, అంటే సులువుగా సాల్వ్ అయ్యే త్రిభుజ మాట్రిక్సులుగా విడగొడుతుంది. ఆ తర్వాత ప్రతి అడుగులోనూ దాంతోనే ఒక సాల్వ్. షిఫ్ట్‌కి దగ్గరగా ఉన్న విలువలు ఇప్పుడు అన్నిటికన్నా పెద్దవై త్వరగా పట్టుబడతాయి.

పది, ఇరవై మోడ్ల లెక్కలో ఎక్కువ భాగం ఆ ఫ్యాక్టరైజేషన్‌కే పోతుంది. సమీకరణాలకి మంచి ఆర్డరింగ్‌తో (వరసతో), అంటే 1973లో అలన్ జార్జ్ చూపించిన నెస్టెడ్ డిసెక్షన్ లాంటిదానితో, షెల్ మెష్‌లో (పల్చటి రేకులాంటి ఎలిమెంట్లది) డీఓఎఫ్‌లు (లెక్కకట్టాల్సిన కదలికలు) రెట్టింపైతే పని సుమారు 2.8 రెట్లవుతుంది. అదే దిమ్మలాంటి సాలిడ్ మెష్‌లో 4 రెట్లు, మెమరీ 2.5 రెట్లు. రేకుతో చేసిన వస్తువుని సాలిడ్ ఎలిమెంట్లతో మెష్ చేసి, తర్వాత ఫాస్ట్ సాల్వర్ కోసం వెతికేవాళ్ళని చూస్తూనే ఉంటాం. మందాన్ని మెష్ చెయ్యకుండా షెల్ ఎలిమెంట్ వాడితే తగ్గే టైమ్ ఏ సాల్వర్ మార్చినా తగ్గదు.

పోటీలో ఉన్నవాళ్ళు

సబ్‌స్పేస్ ఇటరేషన్ పాత కాపు. 1971లో బర్క్‌లీలో బాతే దీన్ని ఒక రూపానికి తెచ్చాడు. కావాల్సినన్ని మోడ్ల కంటే కొంచెం ఎక్కువ వెక్టర్లు పట్టుకుని, అన్నిటినీ ఒకేసారి మెరుగుపరుస్తూ పోతుంది. నెమ్మదే గానీ మొండిది, అంత తేలిగ్గా చేతులెత్తేయదు. ఇరవై లోపు మోడ్లకి ఇప్పటికీ పర్వాలేదు. వందకి వెళితే విసుగు పుట్టిస్తుంది.

లాంచోస్ కథ వేరు. కార్నీలియస్ లాంచోస్ 1950లోనే దీన్ని రాశాడు గానీ, కంప్యూటర్‌లో రౌండాఫ్ వల్ల వెక్టర్ల మధ్య లంబత్వం పోయి, దొరికిన మోడ్లే మళ్ళీ మళ్ళీ దొంగ నకళ్ళుగా వచ్చేవి. అలా ఎందుకవుతుందో 1971లో పేజ్ థీసిస్ తేల్చాకే దీనికి మళ్ళీ మంచిరోజులొచ్చాయి. 1994లో బోయింగ్ కంప్యూటర్ విభాగానికి చెందిన గ్రైమ్స్, లూయిస్, వాళ్ళతో సైమన్ కలిసి ప్రచురించిన షిఫ్టెడ్ బ్లాక్ పద్ధతే ఇవాళ పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఉన్న బ్లాక్ లాంచోస్‌కి ఆధారం. ఒక వెక్టర్‌కి బదులు కొన్ని వెక్టర్ల గుంపుతో నడుస్తుంది కాబట్టి ఒకే విలువ దగ్గర రెండు మూడు మోడ్లున్నా వదలదు. పైగా ప్రతి షిఫ్ట్ దగ్గరా ఫ్యాక్టరైజేషన్‌లో వికర్ణం మీద వచ్చిన నెగెటివ్ సంఖ్యలు, అంటే నెగెటివ్ పివట్లు, లెక్కపెట్టి, ఆ షిఫ్ట్‌కి కింద ఎన్ని మోడ్లు ఉండాలో ముందే తెలుసుకుంటుంది. ఏదైనా తప్పిపోతే వెనక్కెళ్ళి పట్టుకొస్తుంది. వేగం కంటే ఈ లెక్కపెట్టడమే నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఎక్కువగా కనబడే ఆర్‌ప్యాక్ అనే కోడ్ లైబ్రరీ దీనికి దాయాదే. 1992లో సోరెన్‌సన్ ఇచ్చిన రీస్టార్ట్ కిటుకుతో మెమరీని అదుపులో పెట్టుకుంటుంది. కాకపోతే ఒక్క వెక్టర్‌తో మొదలవుతుంది. గుండ్రటి, సౌష్ఠవమైన వస్తువుల్లో జంట మోడ్లలో ఒకటి మిస్సయ్యే ప్రమాదం ఉంది. అడిగిన దానికంటే నాలుగైదు ఎక్కువ అడగడం దీనికి మందు.

పీసీజీ లాంచోస్ ఫ్యాక్టరైజేషన్ జోలికే పోదు. ప్రతి సాల్వ్‌నీ ఇటరేటివ్‌గా, అంటే ఉజ్జాయింపుని అడుగడుగునా సరిదిద్దుకుంటూ, లాగిస్తుంది. 2001లో క్న్యాజెవ్ ఇచ్చిన ఎల్‌ఓబీపీసీజీ కూడా ఆ కోవలోదే, దానికి మంచి ప్రీకండిషనర్ (లెక్కని త్వరగా దారిలో పెట్టే సహాయక మాట్రిక్స్) దొరికితే చాలు. పెద్ద సాలిడ్ మోడల్, కొద్ది మోడ్లు, ఎలిమెంట్ల ఆకారం బాగుంటే ఇవి ఎగిరిపోతాయి. పల్చటి షెల్స్, ఈడ్చినట్టున్న ఎలిమెంట్లు కనబడితే అక్కడే కూలబడతాయి.

ఏఎంఎస్, సూపర్‌నోడ్ అనేవి మోడల్‌ని ముక్కలు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మోడ్లతో ఒక చిన్న లెక్క తయారుచేసి దాన్ని సాల్వ్ చేస్తాయి. ఈ దారిని టెక్సస్‌లో బెనిఘాఫ్ వేశాడు. కారు బాడీ చప్పుడు లెక్కలకి వేల మోడ్లు కావాలి, అక్కడ వీటికి తిరుగులేదు. భీమవరంలో ఇంట్లో కూర్చుని బయటి కార్ల కంపెనీలకి పనిచేసేవాళ్ళుంటే ఇవి మీకోసమే. ఇరవై మోడ్లకి వీటిని దించడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. పైగా పై మోడ్లలో కొంత ఉజ్జాయింపు ఉంటుంది.

ఫీస్ట్ అనే ఇంకో సాల్వర్ సంగతి క్లుప్తంగా: 2009లో పోలిజ్జీ ఇచ్చిన పద్ధతి. ఒక ఫ్రీక్వెన్సీ పరిధి చుట్టూ కాంప్లెక్స్ తలంలో గిరిగీసి లోపలున్నవన్నీ ఏరుతుంది. గిరి మీద ప్రతి బిందువుకీ ఒక ఫ్యాక్టరైజేషన్ కావాలి కాబట్టి క్లస్టర్ (కలిపి నడిపే కంప్యూటర్ల గుంపు) ఉన్నవాళ్ళకి బాగుంటుంది. ఒక్క డెస్క్‌టాప్ మీద నేనైతే దాని జోలికి వెళ్ళను.

మిల్లు, వంతెన, పంపు

రైస్ మిల్లులో స్టీలు ప్లాట్‌ఫారం మీద మోటారు, జల్లెడ కూర్చోబెట్టారనుకోండి. నిమిషానికి 1440 చుట్ల మోటారంటే 24 హెర్ట్జ్. జల్లెడ నిమిషానికి 300 సార్లు ఊగితే 5 హెర్ట్జ్. ఈ రెండింటికీ దూరంగా ప్లాట్‌ఫారం ఫ్రీక్వెన్సీలు ఉండాలి, అంతే. బీమ్ మోడల్ కొన్ని వేల డీఓఎఫ్‌లు దాటదు, ఏ సాల్వరైనా సెకన్లలో తేల్చేస్తుంది. ఇక్కడ ఆలోచించాల్సింది మట్టి గురించి. డెల్టా ఒండ్రు బంకమన్ను మెత్తన. పునాది కింద స్ప్రింగ్ విలువ మీరనుకున్నదాంట్లో సగమే ఉంటే, కదలికంతా మట్టిలోనే ఉన్న మోడ్‌కి ఫ్రీక్వెన్సీ 0.71 వంతుకి పడిపోతుంది. అంటే 30 హెర్ట్జ్ అని ధైర్యంగా ఉన్నది 21కి వచ్చి, మోటారు 24కి అవతలి వైపు కూర్చుంటుంది. అలాంటి చోట సాల్వర్ టాలరెన్స్ (ఒప్పుకునే తప్పు) ఇంకో సున్నా బిగించడం నేల విడిచి సాము. స్ప్రింగ్ విలువని సగానికీ, రెట్టింపుకీ మార్చి మూడు రన్‌లు చెయ్యండి, అది పనికొస్తుంది.

వంతెనల దగ్గర ఇంకో రకం చిక్కు. రాజమండ్రిలో 1997లో వాడకంలోకి వచ్చిన ఆర్చి రైలు వంతెన చూడండి. 28 స్పాన్లు, ఒక్కోటి 97.55 మీటర్లు, కాంక్రీటు ఆర్చీలకి హ్యాంగర్లతో డెక్ వేలాడుతూ ఉంటుంది. ఇలాంటిదాన్ని మోడల్ చేసి ప్రతి హ్యాంగర్‌నీ నాలుగైదు ఎలిమెంట్లు చేస్తే, మొదటి మోడ్ల నిండా హ్యాంగర్లు విడివిడిగా ఊగడమే కనబడుతుంది. భూకంపం లెక్కకి భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 అడిగేది కనీసం 90 శాతం మోడల్ మాస్, అంటే తీసిన మోడ్లన్నీ కలిపి మొత్తం మాస్‌లో అంత భాగాన్ని లెక్కలోకి తేవాలి. ముప్పై మోడ్లు తీసినా అది రాక, జనం మూడొందలు అడిగి సాల్వర్ స్లో అంటారు.

ఇక్కడ సాల్వర్‌ని కాదు, పద్ధతినే మార్చాలి. 1982లో విల్సన్ బృందం ఇచ్చిన రిట్జ్ వెక్టర్లు మనం పెట్టే లోడు దిశలోంచే పుడతాయి, ఆ లోడుకి స్పందించని హ్యాంగర్ మోడ్ల మీద టైమ్ వేస్ట్ చేయవు. తక్కువ వెక్టర్లతోనే 90 దాటేస్తారు. శాప్ 2000, ఈట్యాబ్స్ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్ళకి ఈ ఆప్షన్ చేతిలోనే ఉంది, చాలామంది ముట్టుకోరు. కానీ ఒక జాగ్రత్త: రిట్జ్ ఇచ్చే పై విలువలు నిజమైన ఫ్రీక్వెన్సీలు కావు. మోటారు రెజొనెన్స్ చూడ్డానికి మాత్రం అసలు ఐగెన్ మోడ్లే తీయాలి.

పీసీజీ లాంచోస్ నిజంగా అక్కరకొచ్చేది పంపుల దగ్గర. డెల్టాకి ఎగువన పట్టిసీమలో 24 నిలువు పంపులున్నాయి, ఒక్కోటి 354 క్యూసెక్కులు. అలాంటి నిలువు పంపుకి పైన మోటారు, కింద పొడవాటి కాలమ్. పైభాగం రెల్లుగడలా ఊగే మొదటి మోడ్ ఎక్కడుందో చూడాలి. పోతపోసిన కేసింగ్‌కి, డిశ్చార్జి మోచేతికి సాలిడ్ మెష్ తప్పదు. డీఓఎఫ్‌లు పది లక్షలు దాటతాయి, కావాల్సింది పది మోడ్లే. ఇక్కడ ర్యామ్ చాలకపోతే పీసీజీ లాంచోస్‌కి ఓటెయ్యండి. ర్యామ్ చాలితే మాత్రం బ్లాక్ లాంచోసే. ఎందుకంటే ఇటరేటివ్ దారిలో నెగెటివ్ పివట్ల లెక్క ఉండదు, మోడ్ తప్పిందో లేదో తేల్చుకునే సాక్ష్యం పోతుంది.

బోటు హల్ లాంటి ఎక్కడా కట్టుబాటు లేని మోడల్ అయితే షిఫ్ట్ సున్నా దగ్గర పెట్టకండి. వంగకుండా మొత్తంగా కదిలిపోయే రిజిడ్ బాడీ మోడ్ల వల్ల మాట్రిక్స్ సింగులర్ అవుతుంది, ఫ్యాక్టరైజ్ కాదు. చిన్న నెగెటివ్ షిఫ్ట్ ఇస్తే సరిపోతుంది.

బకలింగ్: ఇక్కడే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి

పైకి చూస్తే లెక్క ఒకటే. మాస్ మాట్రిక్స్ ఉన్న చోట స్ట్రెస్ స్టిఫ్‌నెస్ మాట్రిక్స్ (లోడు వల్ల గట్టిదనంలో వచ్చే మార్పు) వస్తుంది, ఐగెన్ విలువ లోడు ఎన్ని రెట్లో చెప్తుంది. తేడా ఎక్కడంటే, మాస్ ఎప్పుడూ పాజిటివ్. స్ట్రెస్ స్టిఫ్‌నెస్ అలా కాదు, తన్యత ఉన్న చోట ఒక గుర్తు, నొక్కుడున్న చోట ఇంకో గుర్తు. అందుకే వైబ్రేషన్‌కి రాసిన సాల్వర్‌ని ఉన్నదున్నట్టుగా వాడితే విరిగిపోతుంది. మాస్ పోషించే పాత్రని స్టిఫ్‌నెస్‌కి ఇచ్చి వేరే రూపంలో తిప్పుకోవాలి. పైథాన్ లైబ్రరీ సైపైలో ఐగ్‌ష్ ఫంక్షన్ వాడేవాళ్ళు బకలింగ్ మోడ్ పెట్టుకోవాలి, సిగ్మా (అక్కడ షిఫ్ట్‌కి పేరు) సున్నా ఇవ్వకూడదు. సున్నా ఇస్తే ప్రతి విలువా ఒకటికే మారిపోయి సాల్వర్‌కి ఏదీ వేరుగా కనబడదు.

అబాకస్ సాఫ్ట్‌వేర్‌లో బకలింగ్‌కి డిఫాల్ట్ సబ్‌స్పేస్. అది పాతకాలపు అలవాటు కాదు. కాంటాక్ట్ (భాగాలు ఒకదానికొకటి తగలడం), హైబ్రిడ్ ఎలిమెంట్లు (కుదించలేని పదార్థాలకి వాడేవి), రిజిడ్ బాడీ కదలిక ఉన్న మోడళ్ళలో లాంచోస్ పనిచేయదని వాళ్ళ మాన్యువలే చెప్తుంది. ఎక్కువ మోడ్లు కావాలి, ఈ అడ్డంకులేవీ లేవు అనుకుంటేనే లాంచోస్‌కి మారండి.

ఇప్పుడొక ధాన్యం బిన్ను తీసుకుందాం. నున్నటి గోడ, వ్యాసార్ధం 3 మీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు, ఎత్తు 8 మీటర్లు. నిండుగా ఉన్నప్పుడు ధాన్యం రాపిడి గోడని కిందికి లాగుతుంది, అడుగున నిలువు నొక్కుడు ఎక్కువ. పాఠ్యపుస్తకం సూత్రం 0.605 గుణించు E (స్టీలు స్థితిస్థాపక గుణకం) గుణించు మందం బై వ్యాసార్ధం ప్రకారం క్లిష్ట ఒత్తిడి 121 మెగాపాస్కల్. ఆ స్థితిలో గోడ చిన్న చిన్న అలలుగా ముడుచుకుంటుంది. గోడ చుట్టూ ఒకేలా వచ్చే రూపంలో సగం అల పొడవు 1.73 రెట్లు వ్యాసార్ధం–మందం లబ్ధానికి వర్గమూలం, అంటే సుమారు 164 మిల్లీమీటర్లు. దానికి ఆరు ఏడు ఎలిమెంట్లు పడాలంటే 25 మిల్లీమీటర్ల మెష్. చుట్టూ 754, ఎత్తులో 320. రెండు లక్షల నలభై వేల పైచిలుకు ఎలిమెంట్లు, సుమారు 14.5 లక్షల డీఓఎఫ్‌లు. 100 మిల్లీమీటర్ల మెష్ పెట్టి "ఐదు సెకన్లలో అయిపోయింది" అని సంబరపడితే, ఆ అలలు మెష్‌కి కనబడనే కనబడవు. వచ్చే విలువ నిజానికి మించి ఉంటుంది.

రెండో చిక్కు ఇంకా గట్టిది. ఇలాంటి సిలిండర్‌లో క్లిష్ట లోడు దగ్గర ఒకటి రెండు కాదు, గుంపులుగా మోడ్లు ఉంటాయి. కోయిటర్ 1945లో డెల్ఫ్ట్ థీసిస్ కాలం నుంచీ ఈ సంగతి మీద పని చేశాడు, ఆ మోడ్లు కూర్చునే గీతని ఆయన పేరుతోనే కోయిటర్ వృత్తం అంటారు. అన్నీ దాదాపు ఒకే విలువ దగ్గర ఇరుక్కుని ఉంటే సబ్‌స్పేస్ వాటిని విడదీయలేక ఇటరేషన్లు తింటూ కూర్చుంటుంది. ఒక్క వెక్టర్ పద్ధతి కొన్నిటిని వదిలేస్తుంది. ఇక్కడ బ్లాక్ లాంచోస్, అదీ బ్లాక్ సైజు పెంచి, క్లిష్ట లోడుకి కాస్త కింద షిఫ్ట్ పెట్టి వాడటం నా సలహా. పావు ముక్క మోడల్ చేసి టైమ్ మిగుల్చుకోవాలని చూడకండి, సౌష్ఠవానికి ఒదగని మోడ్లు పోతాయి.

ఖాళీ బిన్ను మీద తుఫాను గాలి వేరే కేసు. 1996 నవంబరు తుఫాను కోనసీమని ఏం చేసిందో చూసినవాళ్ళకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. గాలి వైపు పెద్ద అలలతో గోడ లోపలికి సొట్టపడే మోడ్లు వస్తాయి, తరచూ జంటలుగా. సొంత బరువు స్థిరం, గాలి మారేది. కానీ సాల్వర్ రెండింటినీ కలిపి ఒకే గుణకంతో పెంచుతుంది. బరువుని ముందు అడుగులో ప్రీలోడ్‌గా పెట్టండి, లేదా గుణకం 1 వచ్చేదాకా గాలిని మారుస్తూ పోండి.

నెగెటివ్ ఐగెన్ విలువలు వస్తే కంగారొద్దు. లోడు దిశ తిప్పితే బకలవుతుందని అర్థం, అంతే. షియర్ (కోత బలం) పడే గర్డర్ వెబ్‌లో (నడిమి నిలువు రేకులో) ప్లస్సూ మైనస్సూ సమానంగా జంటలొస్తాయి, అడిగిన మోడ్లలో సగం వాటికే పోతాయి. పరిధి సున్నా నుంచి మొదలుపెట్టమని చెప్పండి, లేకపోతే రెట్టింపు అడగండి.

ఇంత చేసినా ఆ 121ని డిజైన్ విలువ అనుకోకూడదు. అసలు గోడలో వంకరలు, వెల్డు సొట్టలు ఉంటాయి. పల్చటి సిలిండర్లు సిద్ధాంతం చెప్పినదాంట్లో చిన్న వంతుకే కూలడం ప్రయోగాల్లో ఎన్నోసార్లు చూశారు, అందుకే నాసా 1960ల్లోనే తగ్గింపు గుణకాలతో మార్గదర్శకం తెచ్చింది. ఇక అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి ఉండనే ఉంది. 3 మిల్లీమీటర్ల రేకులో అర మిల్లీమీటరు తుప్పు తింటే గోడ మోసే లోడు మందం వర్గాన్ని బట్టి 0.69 వంతుకి దిగిపోతుంది. ఐగెన్ మోడ్ ఆకారాన్ని వంకరగా పెట్టుకుని నాన్‌లీనియర్ లెక్క (పెద్ద కదలికల్ని కూడా పట్టించుకునేది) ఒకటి నడపడం ఇక్కడ తప్పదు. దానికి కావాల్సింది మొదటి కొన్ని మోడ్ల ఆకారాలు, విలువలో మూడో దశాంశం కాదు.

తప్పలేదని తేల్చుకోవడం

అడిగిన మోడ్లన్నీ వచ్చాయంటే మధ్యలో ఏదీ తప్పలేదని కాదు. పై మోడ్‌కి కొంచెం పైన షిఫ్ట్ పెట్టి ఒక్క ఫ్యాక్టరైజేషన్ చేసి, నెగెటివ్ పివట్లు లెక్కపెట్టండి. వైబ్రేషన్‌లో ఆ సంఖ్య షిఫ్ట్‌కి కింద ఉన్న మోడ్ల సంఖ్యకి సమానం. బకలింగ్‌లో స్టిఫ్‌నెస్ పాజిటివ్‌గా ఉంటే, సున్నాకీ షిఫ్ట్‌కీ మధ్య ఉన్నవి అన్ని. చాలా సాఫ్ట్‌వేర్లు ఈ సంఖ్యని అవుట్‌పుట్ ఫైల్లో రాసిపెడతాయి, తెరిచి చూసేవాళ్ళే తక్కువ.

డబ్బు పెట్టలేని వాళ్ళకి

క్యాల్‌క్యులిక్స్ ఉచితం. ఫ్రీక్వెన్సీకీ బకలింగ్‌కీ ఆర్‌ప్యాక్ వాడుతుంది. చిన్న సాలిడ్ పనులకి హాయిగా ఉంటుంది. ఒక మెలిక ఉంది: షెల్ ఎలిమెంట్లు ఇచ్చినా లోపల వాటిని సాలిడ్‌గా మార్చుకుంటుంది, కాబట్టి పైన చెప్పిన బిన్నుకి నేనైతే వాడను. దానికి ఫ్రాన్స్ విద్యుత్ సంస్థ ఈడీఎఫ్ వాళ్ళ కోడ్ ఆస్టర్ మేలు. సోరెన్‌సన్, లాంచోస్, సబ్‌స్పేస్ మూడూ దాంట్లో ఉన్నాయి. నేర్చుకోవడానికి ఓపిక కావాలి, ఫ్రెంచి పేర్లు కొన్నాళ్ళు చికాకు పెడతాయి. సొంత కోడ్ రాసుకునే విద్యార్థులు చిన్నవాటికి సైపై, పెద్దవాటికి వాలెన్సియా పాలిటెక్నిక్ యూనివర్సిటీ వాళ్ళ స్లెప్క్ చూడండి.

మెషీన్ విషయానికొస్తే, ఫ్యాక్టర్లు ర్యామ్‌లో పట్టకపోతే సాల్వర్ డిస్క్ మీద రాసుకుంటూ పోతుంది, ప్రతి సాల్వ్‌కీ వాటిని మళ్ళీ చదవాలి. హార్డ్ డిస్క్ అయితే ఇక ఆ రాత్రికి వదిలేసుకోవడమే, కరెంటు పోతే మళ్ళీ మొదటికొస్తుంది. ఆ బిన్ను సైజు షెల్ మోడల్‌కి 16 జీబీ ఇరుకు, 32 సుఖం, 64 ఉంటే నిశ్చింత. ఎనిమిది కోర్లు దాటాక ఎన్ని పెంచినా, ర్యామ్ నుంచి డేటా వచ్చే వేగమే అడ్డంపడుతుంది. రెండు మెమరీ స్లాట్లూ నింపిన ఎనిమిది కోర్ల మెషీన్‌ని, ఒక్క స్లాటే నింపిన పదహారు కోర్లదానికంటే ముందు కొనమంటాను.